నలుపును వెతికే వెలుగు

పెళ్లి ఇంకా తొమ్మిది రోజులుంది. విజయవాడలో వైశాఖమాసపు ఎండ. మా అక్క కూతురు స్కూటీ దిగి లోపలికొచ్చి, ముఖానికి చుట్టుకున్న చున్నీ తీసి, "పిన్నీ, ఇవేంటో చూడు" అంది. రెండు బుగ్గల మీదా వేలెడు పొడవు, వేలెడు వెడల్పున ఎర్రగా కమిలిన పట్టీలు, స్కేలు పెట్టి గీసినట్టు ఒకదాని పక్కన ఒకటి. నూనె చిందినా ఆవిరి కొట్టినా చర్మం అలా కొలిచి కోసినట్టు కాలదు. అవి యంత్రం మూతి అచ్చులు. వారం తిరిగేసరికి ఎరుపు పోయి నల్లబడ్డాయి.

పెళ్లికూతురి ప్యాకేజీ కింద నాలుగు సిట్టింగుల ఫోటో ఫేషియల్‌కి ఒక పార్లర్‌లో ముందే డబ్బు కట్టేసింది. మొదటి సిట్టింగ్‌కే ఇలా అయింది. చురుక్కుమంటోందని చెబితే, మొదట్లో అందరికీ అలాగే ఉంటుందన్నారట. మంగళస్నానం నాడు మా అక్క ముఖం వదిలేసి చేతులకీ కాళ్లకీ నలుగు పెట్టి సరిపెట్టింది. పట్టీల మీద మందంగా మేకప్ వేయించి పిల్లని పీటల మీద కూర్చోబెట్టాం.

ఈ వెలుగు ఏమిటో, ఏం చేస్తుందో అప్పటినుంచి చదువుతూ, తెలిసినవాళ్లని అడుగుతూ వచ్చాను. తెలిసినకొద్దీ ఆ విద్య మీద గౌరవం పెరిగింది. మన ఊళ్లలో దాన్ని వాడుతున్న తీరు మీద కోపమూ పెరిగింది.

ఫోటో ఫేషియల్ అన్నది అమ్మకానికి పెట్టుకున్న పేరు. యంత్రం అసలు పేరు ఇంటెన్స్ పల్స్‌డ్ లైట్, పొట్టిగా ఐపీఎల్. చాలామంది దీన్ని లేజర్ అనే అనుకుంటారు. లేజర్ నుంచి ఒకే తరంగదైర్ఘ్యం ఉన్న కాంతి వస్తుంది. ఇందులో ఉన్నది జీనాన్ దీపం. కెమెరా ఫ్లాష్ లాంటిదే గానీ దానికంటే ఎన్నో రెట్లు బలమైనది. సుమారు 500 నుంచి 1200 నానోమీటర్ల దాకా ఉన్న కాంతినంతా ఒక్క ఊపున చిమ్ముతుంది. అందులో ఏది చర్మం దాకా పోవాలో ముందు బిగించే ఫిల్టర్ తేలుస్తుంది. ఎంత శక్తి, ఎన్ని మిల్లీసెకన్లు అన్నది మాత్రం మీట దగ్గరున్న మనిషి తేల్చాలి.

కాంతిని పట్టి పీల్చుకునేది ఎదురైతేనే అది వేడిగా మారుతుంది. వేసవిలో తిరుమల మాడవీధుల్లో తెల్లరంగు పూసిన బాట మీద నడుస్తూ, పక్కనున్న రాతి మీద ఒక్క అడుగు వేసినవాళ్లకి ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. చర్మంలో కాంతిని పీల్చుకునేవి ముఖ్యంగా మూడు. రక్తంలోని హిమోగ్లోబిన్, నీరు, మన ఒంటికి రంగునిచ్చే మెలనిన్. తగిన కాంతిని ఎంచుకుని, వేడి పక్కకి పాకేలోపే ఆపేయగలిగితే, చుట్టుపక్కల దేన్నీ ముట్టకుండా అనుకున్నదాన్నొక్కదాన్నే కాల్చవచ్చని 1983లో రాక్స్ ఆండర్సన్, జాన్ పారిష్ అనే బోస్టన్ పరిశోధకులు 'సైన్స్' పత్రికలో రాశారు. ఎంత అందమైన ఆలోచన! పుట్టుకతోనే ముఖం మీద ముదురెరుపు మచ్చ పరుచుకున్న పసిపిల్లలకి లేజర్ వైద్యం ఆ ఆలోచన మీదే నిలబడింది.

తెల్లచర్మం మీద ఎండకి పడ్డ గోధుమరంగు మచ్చ సున్నం గోడ మీద మసి లాంటిది. ఐపీఎల్ కాంతి నేరుగా వెళ్లి ఆ మచ్చనే పట్టుకుంటుంది. మచ్చ ముదిరి, కొద్దిరోజుల్లో పొట్టులా రాలిపోతుంది. అటువంటి ముఖాల మీద ఈ వైద్యం నిజంగానే బాగా పనిచేస్తుంది. మన సంగతి వేరు. మెలనిన్ మన చర్మం పై పొరంతా పరుచుకుని ఉంటుంది. ఆ వెలుగు నలుపు కోసం వస్తుంది, మన ఒళ్లంతా నలుపే. మచ్చ ఏదో మనిషి ఏదో దానికెలా తెలుస్తుంది? పైగా దెబ్బ తగిలిన చోట మన చర్మం ఇంకాస్త మెలనిన్ తయారుచేసుకుంటుంది. మొటిమ గిల్లినా, దోమకాటు గోకినా నెలల తరబడి నల్లమచ్చ ఉండిపోయేది అందుకే.

ఎండకి చర్మం ఎలా స్పందిస్తుందన్నదాన్ని బట్టి దాన్ని రకాలుగా విడదీసే పద్ధతిని 1975లో హార్వర్డ్ వైద్యుడు థామస్ ఫిట్జ్‌పాట్రిక్ పెట్టాడు. మొదట అందులో ఉన్నవి తెల్లచర్మపు రకాలే. గోధుమ, నలుపు చర్మాలకి అయిదు, ఆరు అంకెలు తరవాత చేర్చారు. మనలో చాలామందిమి నాలుగు, అయిదుల్లో ఉంటాం. వెంట్రుకలు తీసుకోవడానికి ఇంట్లో వాడుకునే ఐపీఎల్ పరికరాలు చాలావాటి డబ్బా మీద, ముదురు చర్మానికి వాడవద్దని రంగుల బొమ్మ వేసి మరీ చెబుతారు. అలాంటి బొమ్మ ఏ పార్లర్ గోడ మీదా నాకు కనబడలేదు.

పెళ్లయిన నెలకి పిల్లని చర్మవైద్యురాలి దగ్గరికి తీసుకువెళ్లాను. ఆవిడ యంత్రాల గది వైపు చూడనైనా లేదు, కూర్చోబెట్టి అడగడం మొదలుపెట్టింది. ఎండలో తిరిగి ముఖం కమిలి ఉండగానే చేయించుకున్నావా? అవును, రోజూ స్కూటీ మీదే ఆఫీసుకి. మొటిమలకని ఐసోట్రెటినోయిన్, డాక్సీసైక్లిన్ లాంటివి మింగుతున్నావా? లేదు. చెవి పక్కన కాస్తంత చోట ముందు వేసి చూసి, కొన్నాళ్లు ఆగారా? ఆగలేదు. మెడికల్ షాపులో ట్యూబు కొని రాసుకుంటున్నావా? పిల్ల తల దించుకుంది. ఆరు నెలలుగా రాస్తోందట. మాకెవరికీ తెలియదు.

ఆ ట్యూబు గురించి ఇక్కడ చెప్పి తీరాలి. తెల్లబడతారని చేతిలో పెట్టే ఆ క్రీముల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. కొన్నాళ్లు ముఖం మెరుస్తుంది. తరవాత చర్మం పలచబడి, సన్నటి రక్తనాళాలు పైకి తేలి, ఎండ సోకితే భగ్గుమంటుంది. 2018లో కేంద్ర ప్రభుత్వం ఈ పూత స్టెరాయిడ్లను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని జాబితాలో పెట్టింది. మా వీధి చివర ఇప్పటికీ పేరు చెబితే చాలు, ఇచ్చేస్తారు. అలా అరిగిపోయిన ముఖం మీద ఆ ఫ్లాష్ పడింది.

మంగు ఉన్న ఆడవాళ్లని తలుచుకుంటే నాకు ఇంకా భయం. కాన్పుల తరవాత బుగ్గల మీద కమ్మిన ఆ ఛాయ పోతుందని ఆశపడి ఎంతోమంది ఈ ప్యాకేజీలకి డబ్బు కడతారు. మంగు వెనక ఎండ ఉంటుంది, హార్మోన్లు ఉంటాయి, వంశం ఉంటుంది. వెలుగుతో కాలిస్తే ముందు కాస్త తగ్గినట్టు కనబడి, మునుపటికంటే ముదిరి తిరిగి రావచ్చు. కంటికి కనబడే మామూలు వెలుతురు కూడా మంగుని పెంచుతుంది. ఐరన్ ఆక్సైడ్ కలిపిన, చర్మపు రంగులో ఉండే సన్‌స్క్రీన్‌ని తెలిసిన వైద్యులు రాసేది అందుకే. దాని ధర నాలుగు సిట్టింగుల ఖర్చులో ఏ మూలకీ రాదు.

వెలుగే వద్దని నేను అనడం లేదు. కంటి చుట్టూ నీలం కమ్మే ఓటా మచ్చతో ముఖం దాచుకుని తిరిగే కుర్రవాళ్లకి క్యూ-స్విచ్‌డ్ లేజర్‌ బాగా పనిచేస్తుంది. 1064 నానోమీటర్ల ఎన్‌డీ-యాగ్ కాంతిని మెలనిన్ తక్కువగా పీల్చుకుంటుంది కాబట్టి అది పై పొరను దాటి లోతుకి పోతుంది. మనలాంటి చర్మానికి అది కొంత నయం. ముఖమంతా ఒకేసారి కాల్చకుండా సన్నటి చుక్కలుగా వేసి, మధ్యమధ్య బాగున్న చర్మాన్ని వదిలిపెట్టే ఫ్రాక్షనల్ పద్ధతి 2004లో వచ్చింది. మొటిమల గుంటలు పడ్డవాళ్లకి అది మేలు చేస్తోంది. ఎర్రకాంతి మాస్కులు ఇలా కాల్చేవి కావు. వాటివల్ల సన్నగీతలు కొద్దిగా తగ్గవచ్చు, అదీ నెలల తరబడి వాడితే. ఇవన్నీ చేయి తిరిగిన వైద్యుల దగ్గర, కళ్లకి అడ్డు పెట్టించుకుని, చర్మం కోలుకునే వ్యవధి ఇస్తూ చేయించుకోవలసినవి. వీటిలో ఏదీ మనిషిని పుట్టిన రంగు నుంచి మార్చదు.

హోర్డింగుల మీద మాత్రం అమ్ముతున్నది ఆ మార్పునే. "పిల్ల ఎర్రగా బుర్రగా ఉంది" అన్న మాట పెళ్లిచూపుల్లో మనమే అంటాం. చామనచాయ అని రాయించుకున్న సంబంధానికి నాలుగు అడుగులు వెనక్కి వేసేదీ మనమే. అందుకే పెళ్లికి తొమ్మిది రోజుల ముందు, నడివేసవిలో, కమిలిన ముఖంతో ఒక పిల్ల వెళ్లి ఆ కుర్చీలో కూర్చుంది. ఆ పూటకి ఆపవలసినవాళ్లం ఇంట్లో నలుగురం ఉన్నాం.

పట్టీలు చాలావరకు తగ్గడానికి ఎనిమిది నెలలు పట్టింది. పక్కనుంచి వెలుతురు పడితే ఎడమ బుగ్గ మీద ఒకటి ఇప్పటికీ కనబడుతుంది. మిగిలిన మూడు సిట్టింగుల డబ్బు తిరిగిరాలేదు. జిల్లా వినియోగదారుల కమిషన్‌కి ఫిర్యాదు రాద్దామని మొన్న ఆదివారం మా అక్కా నేనూ కూర్చున్నాం. చేతిలో ఉన్న రసీదు మీద ప్యాకేజీ పేరు, మొత్తం, తారీఖు ఉన్నాయి. ఏ యంత్రం వాడారో లేదు, ఎంత శక్తి పెట్టారో లేదు. ఆ రోజు మీట నొక్కిన అమ్మాయికి మహా అయితే ఇరవై ఏళ్లుంటాయని, తనూ భయపడి మంచినీళ్లు తెచ్చిచ్చిందని పిల్ల చెప్పింది. ఆమె మీద నాకు కోపం లేదు. ఆమెకి ఎవరు నేర్పారో, ఎన్ని రోజులు నేర్పారో రాయాల్సిన చోట ఖాళీ వదిలి, కాగితం మడిచిపెట్టాం. ఆమె పేరు కూడా మాకు తెలియదు.