నిష్పత్తి పెరిగింది, రూపాయి తరిగింది

ఒక దేశపు ద్రవ్య సరఫరాకూ, దాని విదేశీ మారక నిల్వలకూ నిష్పత్తి కట్టి, ఎవరిది ఎక్కువైతే వారి నాణెం అంత గట్టిదని తేల్చే వాదమొకటి తరచూ వినిపిస్తుంది. మనల్ని చైనాతో పోల్చి మనమే మేలంటుంది కనుక వినడానికి ముచ్చటగా కూడా ఉంటుంది. ఈ వాదం తప్పని నా అభిప్రాయం. ఒకే రైలుదారిలో వరుసగా ఉన్న హిందూపురం, పెనుకొండ, ధర్మవరం నాకు సాక్ష్యం.

ముందుగా వారి లెక్కను ఉన్నదున్నట్టు చూద్దాం. 2025 మార్చి చివర మన ద్రవ్య సరఫరా, అంటే జనం చేతిలోని నగదు, బ్యాంకు డిపాజిట్లు కలిపి, సుమారు 272 లక్షల కోట్ల రూపాయలు. నిల్వలు 66,800 కోట్ల డాలర్లు. డాలరుకు 85.5 రూపాయల చొప్పున 57 లక్షల కోట్లు, అనగా 21 శాతం. చైనాలో 2024 చివర ద్రవ్య సరఫరా 313 లక్షల కోట్ల యువాన్లు. నిల్వలు 3.2 లక్షల కోట్ల డాలర్లు. అవి 23 లక్షల కోట్ల యువాన్లకు సమానం, అనగా ఏడున్నర శాతం. కాబట్టి మనం చైనాకన్నా దాదాపు మూడింతలు భద్రమట!

2018 మార్చిలో మన నిష్పత్తి దాదాపు 20 శాతం, డాలరు 65 రూపాయలు. ఏడేళ్ళలో నిష్పత్తి కొంచెం పెరిగింది, డాలరు మాత్రం 85 దాటింది. అదే కాలంలో డాలరు మన రూపాయల్లో 31 శాతం ప్రియమైతే, యువాన్లలో 16 శాతమే అయింది. మూడింతల భద్రత ఏమైనట్టు?

కిటుకు లెక్కలోనే ఉంది. నిల్వలు ప్రధానంగా డాలర్లలో కొలిచేవి. నిష్పత్తి కట్టేటప్పుడు వాటిని రూపాయల్లోకి మారుస్తాం. రూపాయి ఎంత పడితే నిష్పత్తి అంత పెరుగుతుంది! పాత 65 రూపాయల ధరకే కట్టి చూడండి, 21 శాతం కాస్తా 16 అవుతుంది. జబ్బు ముదిరినకొద్దీ ఆరోగ్యం బాగుందని చూపే కొలబద్దను ఏమనాలి?

రెండవది, నిల్వ ఎంతన్నదే కాదు, ఎలా వచ్చిందన్నదీ అడగాలి. పెనుకొండ దగ్గరి ఎర్రమంచిలో కొరియావారి కియా సంస్థ 110 కోట్ల డాలర్ల పెట్టుబడికి 2017లో ఒప్పందం చేసుకుంది, 2019లో ఉత్పత్తి మొదలుపెట్టింది. అటువంటి డాలర్లను రిజర్వు బ్యాంకు కొని రూపాయలిస్తే నిల్వలూ పెరుగుతాయి, ద్రవ్యమూ పెరుగుతుంది. పెట్టుబడి మంచిదే, ఉద్యోగాలూ ఎగుమతులూ మంచివే. కాని ఆ సొమ్ముకు యజమాని ఉన్నాడు, లాభం ఆయనకు చేరాలి. పైగా 2025 మార్చినాటికి మన విదేశీ అప్పు 73,600 కోట్ల డాలర్లు, నిల్వలకన్నా ఎక్కువ. చైనా నిల్వలకు ప్రధానంగా ఎగుమతుల మిగులు మూలం. 2024-25లో ఆ దేశంతో మన వర్తకపు లోటే 9,900 కోట్ల డాలర్లు.

నిష్పత్తి బొత్తిగా పనికిరాదనను. 1991 మార్చిలో అది నాలుగు శాతం చిల్లర. ఆ ఏడే బంగారం విదేశాలకు పంపి కుదువపెట్టాం. జనం తమ డబ్బును ఒక్కసారిగా డాలర్లలోకి మార్చుకోబోతే ఎంతవరకు తట్టుకోగలమో అది చెబుతుంది. చైనాలో ఒక మనిషి ఏడాదికి 50,000 డాలర్లకు మించి మార్చుకోవడం కష్టం. తలుపుకు గట్టి గడియ ఉన్న ఇంటినీ వదులు గడియ ఉన్న ఇంటినీ ఇనప్పెట్టె బరువుతో పోల్చరాదు.

ఈ తేడా ఎవరి మీద పడుతుందో చూడండి. మనం దిగుమతి చేసుకునే ముడిపట్టులో అధికభాగం చైనాది. రూపాయి పడితే ఆ పట్టు ప్రియమవుతుంది. హిందూపురం మార్కెట్టుకు పట్టుగూళ్ళు తెచ్చే రైతుకు అది కొంత ఊరట. ధర్మవరం మగ్గంమీది నేతగాడికి అదే దెబ్బ. పోగు ధర పెరిగినంత వేగంగా చీర ధర పెరగదు, నడుమ తరిగేది కూలి. అతనికి 21 శాతం చూపి ధైర్యం చెప్పగలమా?

1565లో తళ్ళికోట ఓటమి తరువాత తిరుమలరాయలు విజయనగర ఖజానాను ఏనుగులమీద పెనుకొండకు తరలించాడని చెబుతారు. ఖజానా వచ్చింది, వైభవం రాలేదు. ఎంత దాచామన్నది కాదు, ఎంత సంపాదిస్తున్నామన్నది అడుగుదాం. కాదనేవారు తమ లెక్కను డాలరుకు 65 చొప్పున మళ్ళీ కట్టి చూపండి. చర్చకు నేను సిద్ధం.