రెండు సున్నాలు

యాభై రెండులోంచి ముప్పై ఎనిమిది తీసేయమంటే మూడో తరగతి పిల్ల 26 అని వేసిందనుకోండి. పక్కనున్న పిల్లాడు 24 వేశాడు. రావలసింది 14. ఇద్దరికీ ఎర్ర ఇంకుతో ఇంటూ, ఇద్దరికీ సున్నా.

ఆ పిల్ల రెండులోంచి ఎనిమిది పోదు కదా అని ఎనిమిదిలోంచి రెండు తీసేసింది. ఏ స్థానంలోనైనా పెద్ద అంకెలోంచి చిన్నది తీయడమే తీసివేత అనుకుంటోంది. పిల్లాడు పదుల స్థానం నుంచి అప్పు తెచ్చుకున్నాడు, పన్నెండులోంచి ఎనిమిది పోతే నాలుగని సరిగ్గానే వేశాడు. పైనున్న ఐదును నాలుగు చేయడం మరిచాడు, అంతే. వాడికి ఒక్క మాట చాలు. ఆ పిల్లకు మాత్రం పుల్లల కట్ట విప్పి, పది అంటే ఏమిటో మొదటి నుంచీ చెప్పాలి.

ఈ తేడా పట్టుకోవడానికే నిర్మాణాత్మక మూల్యాంకనం. 1967లో మైకేల్ స్క్రివెన్ పాఠ్య ప్రణాళికల గురించి చెప్పిన మాటను బెంజమిన్ బ్లూమ్ తరగతి గదిలోకి తెచ్చారు. మన 2009 విద్యాహక్కు చట్టం నిరంతర సమగ్ర మూల్యాంకనం జరగాలంది. ఉద్దేశం బంగారం లాంటిది. బడికి చేరేసరికి అది 'ఎఫ్ఏ' (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) అయింది. పిల్లల భాగస్వామ్యం, రాత పని, ప్రాజెక్టు పని, లఘు పరీక్ష అంటూ నాలుగు పద్దులు, ఏడాదికి నాలుగుసార్లు. ప్రాజెక్టు అంటే స్టేషనరీ షాపులో బొమ్మల షీటు కొని, అమ్మ కత్తిరిస్తే నాన్న అంటించడం. లఘు పరీక్షకు ట్యూషన్లు కూడా ఉన్నాయి! నోటుబుక్కు దిద్దారంటే పేజీకో టిక్కు, అడుగున 'గుడ్'. ఏది గుడ్డో పిల్లకు తెలియదు.

ఈ ఎఫ్ఏ మార్కులే పదో తరగతిలో ఇరవై ఇంటర్నల్ మార్కులై మెమోలోకి ఎక్కాక జరిగింది అందరూ చూసిందే. ఇరవైకి ఇరవై వేయని బడి వెనకబడుతుంది, కాబట్టి వేస్తారు. ఆంధ్రప్రదేశ్ 2019లో పదో తరగతికి వాటిని ఎత్తేసి రాత పరీక్షను సబ్జెక్టుకు 100 మార్కులకు మార్చింది. తెలంగాణ 2024 నవంబరులో ఎత్తేస్తామని చెప్పి, ఆ ఏడాదికి వద్దని వెంటనే వెనక్కి తగ్గింది. రెండు చోట్లా వాదన ఆ ఇరవై ఉండాలా పోవాలా అన్నదే. తప్పు ఎక్కడ జరిగిందో పిల్లకు చెప్పారా అని ఎవరూ అడగలేదు.

నా మటుకు ఎఫ్ఏకి మార్కులే ఉండకూడదు. 1988లో రూత్ బట్లర్ ఇజ్రాయెల్ పిల్లల మీద ఒక అధ్యయనం ప్రచురించారు. కొందరికి మార్కులు మాత్రమే, కొందరికి వ్యాఖ్య మాత్రమే, మిగతావాళ్లకు రెండూ ఇచ్చారు. బాగుపడింది వ్యాఖ్య మాత్రమే అందినవాళ్లు. రెండూ అందినవాళ్లకు ఆ లాభం దక్కలేదు. మార్కు కనిపించాక దాని పక్కన రాసింది చదివే ఓపిక ఎవరికుంటుంది? పెద్దలమైనా అంతే.

అరవై మంది ఉన్న తరగతిలో అందరికీ వ్యాఖ్యలు రాయడం కుదిరే పనేనా అంటారు టీచర్లు. కుదరదు. అందుకే రోజుకు ఐదారు నోటుబుక్కులే, కానీ ఒక్కోదానిలో పనికొచ్చే వాక్యం ఒకటి. ఎఫ్ఏ మార్కులు ఆన్‌లైన్‌లో ఎక్కించమని పైనుంచి వచ్చే ఒత్తిడి తీసేస్తే ఆ పాటి వేళ టీచరుకు మిగులుతుంది. ఆ పని విద్యాశాఖ చేతిలో ఉంది.