శవవస్త్ర మెవ్వరి సొత్తు?

ఆంగ్లభాషలోని ‘ష్రౌడ్’ అను ప్రాచీనపదమునకు మనవారు ప్రేతవస్త్రమని యర్థము చెప్పి యూరకుందురు. ఆ పదమున కాదిలో మృత్యువుతో సంబంధమే లేదు. పురాతనాంగ్లమున నది బ్రదికియున్నవాడు ధరించు వస్త్రమునకే పేరు. శవమునకు చుట్టు గుడ్డ యను నర్థము 16వ శతాబ్దమున గాని యేర్పడలేదు. ఓడస్తంభమును పట్టియుంచు త్రాళ్లకును ఆ మాటయే చెల్లును. అయినను మరణార్థము తక్కినవానిని మ్రింగివేసినది.

ఈ గుడ్డ యెవ్వరి సొత్తు? 1614లో హెయిన్స్ అనువాడు సమాధులు త్రవ్వి శవవస్త్రములు దొంగిలింపగా, శవమునకు ఆస్తి యుండజాలదనియు, ఆ వస్త్రము దానిని కప్పిన సొంతదారులదే యనియు ఆంగ్ల న్యాయాధిపతులు నిర్ణయించిరి. మన క్షేమీశ్వరుని చండకౌశికమున, కాటికాపరియైన హరిశ్చంద్రుడు కన్నకొడుకు శవముపై గుడ్డనే సుంకముగా నడుగవలసివచ్చెను. అచట హక్కు శ్మశానాధిపతిది. ఇచట ఖర్చు భరించినవానిది. ఈ విషయమున ఆంగ్లేయుల సూత్రమే మేలని మా యభిప్రాయము.

ఆ దేశముననే ఉన్ని వర్తకమును నిలుపుటకై 1666లోను, మరింత కఠినముగా 1678లోను, శవములను ఉన్నిబట్టలోనే పూడ్చవలెనని చట్టములు చేసిరి. ఎనిమిది దినములలో ప్రమాణపత్రము దాఖలు చేయవలెను. తప్పినచో 5 పౌనుల జరిమానా. ధనికులు కొందరు జరిమానా చెల్లించి అవిసెనార వస్త్రముతోనే సాగిపోయిరి! 1814లో గాని ఈ శాసనములు రద్దు కాలేదు.

ఇక మన నేతగాండ్ర మాట. ఠాణే జిల్లా భివండిలోని కామత్‌ఘర్, పద్మనగర్ పేటలలో, తెలంగాణమునుండి పొట్ట చేతబట్టుకొని పోయిన పద్మశాలీలు తరములుగా నివసించుచున్నారు. మరమగ్గమును మనవారు సాంచె యందురు. దానిపై మీటరుకింత యను కూలికి ముడిబట్ట నేయుదురు. ఆ బట్ట పెండ్లిపందిరికి పోవునో పాడెమీదికి పోవునో నేసినవానికి తెలియదు.

1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టమునకు 2009లో జరిగిన సవరణ, పనివలన మరణించినవాని యంత్యక్రియలకు యజమాని 5,000 రూపాయలకు తక్కువ గాకుండ చెల్లింపవలెనని విధించినది. నూలు నుసి పీల్చుటచే కలుగు ఊపిరితిత్తుల వ్యాధియు నా చట్టమున వృత్తిరోగముల పట్టికలోని కెక్కినది. కాని ఫలానావాడు ఫలానా సాంచెపై ఇన్నేండ్లు పనిచేసెనని చూపు కాగిత మేది? హాజరుపట్టీలో పేరు లేనివాని దావా మొదటి మెట్టుననే నిలిచిపోవును. అప్పుడు సాటివారు చందా లెత్తి గుడ్డ కొనవలసినదే. హెయిన్స్ తీర్పును బట్టి ఆ గుడ్డ చందాదారులది. సాంచె యజమాని కందులో నూలుపోగంత హక్కు లేదు. ఇది యాతనికి గౌరవమా?

శవవస్త్ర మెట్టిదో ఎనిమిది దినములలో ప్రమాణము చేయించిన ప్రభుత్వ మొకటి యుండెను. బ్రదికియున్న నేతగాని పేరు, చేరిన తేదీ వ్రాయించుట అంతకంటె కష్టము కాదు. రాజధానిలోని మన న్యాయవాదులు ముందుగా పట్టుబట్టవలసిన దిదియే. కూలి యిచ్చువారు మీటర్ల లెక్క వ్రాసికొనక మానరు. ఆ పుస్తకముననే మరియొక గడి గీసిన చాలును.