పెరటితోట: అనపపాదు

కార్తికము ప్రవేశించినది. 4,000 అడుగులకు మించిన హార్సిలీకొండ నుండి మన కురబలకోటకు చలిగాలి దిగుచున్నది. ఆషాఢమున పెట్టిన అనపపాదు పందిరి నిండ అల్లుకొనియు పూయలేదని పెరికివేయబోకుడు. నేనొకయేడు అట్లే పెరికించి, పుష్యమాసమున పితికిపప్పుకై పొరుగింటివారి యెదుట చేయి చాచితిని! నాటు అనప, పగటిపొద్దు తగ్గిననేగాని పూయదు. అంతకుముందు ఎరువును నీరును ఎంత పెట్టినను ఆకే ప్రబలును. బెంగుళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయమువారి ‘హెబ్బాళ అవరె 4’ రకమున కీ నియమము లేదు. అది ఏ ఋతువునందైనను పూయును. నాటుపాదు గలవారు ఇపుడు నీరు తగ్గించి, ఉదయముననే మొదట పోయుడు. సాయంకాలపు తడికి రాత్రిమంచు తోడైనచో తెగులు పుట్టును. పేనుపట్టిన లేతకొనలను త్రుంచివేయుడు. తొలికాయలలో గుప్పెడు తీగపైననే ఎండనిచ్చి, విత్తనమునకు బూడిద కలిపి దాచుడు.