వినలేని బిడ్డకు విభక్తి చెప్పేదెవరు?

2022 డిసెంబరులో మన ప్రభుత్వం ఎనిమిదవ తరగతి పిల్లలకు ట్యాబులిచ్చింది. 2023లో ఉన్నత పాఠశాలల గదులలో డిజిటల్ తెరలు బిగించింది. సంతోషమే. కాని వినికిడి లోపమున్న విద్యార్థికి వీటివలన ఒరిగినదేమని అడిగితే, "బొమ్మ కనిపిస్తుంది గదా పంతులుగారూ!" అంటున్నారు. ఆస్పరిలోను, ఆదోనిలోను ఈ మాట పలుమార్లు విన్నాను. దీనిని ఖండించక తప్పదు.

బొమ్మ వేరు, భాష వేరు. "రాముడు రావణుని చంపెను", "రాముని రావణుడు చంపెను" - పేర్లవే, క్రియ అదే. ప్రత్యయాలు తారుమారు కాగానే చంపినవాడు చచ్చినవాడైనాడు! వినగల శిశువు ఈ 'డు', 'ని'లను తల్లి ఒడిలోనే పట్టుకొంటాడు. వినలేని బిడ్డకు అవి అక్షరాలుగా కంటబడితేనే ఉన్నట్లు. పెదవుల కదలిక చూసి గ్రహిస్తాడందురా? అద్దం ముందు నిలిచి, గొంతు పైకి రానీయక "పాప" అనండి, పిదప "మామ" అనండి. భేదం కనబడినదా?

కనుక నేను కోరేవి మూడు. తెరపై వచ్చే ప్రతి పాఠానికీ క్రింద తెలుగు అక్షరాలుండాలి. యంత్రం వ్రాసినదానిని ఉపాధ్యాయుడు దిద్దాలి. ప్రక్కన సంజ్ఞాభాష ఉండాలి. 2018లో మూడువేల పదాలతో వెలువడిన భారతీయ సంజ్ఞాభాషా నిఘంటువు 2021కి పదివేలకు పెరిగింది. 2024 డిసెంబరులో దానికొక టీవీ ఛానలే వచ్చింది. అయితే సంజ్ఞాభాషకు దాని వ్యాకరణం దానికుంది, తెలుగు విభక్తులు అందులో లేవు. భావం చేతులు చెప్పాలి, ప్రత్యయం అక్షరం చూపాలి. మూడవది, సుగ్గికని గుంటూరు వైపు పోయే కుటుంబాల పిల్లలకు ఆ పాఠాలు నెట్ లేకున్నా ఫోనులో తెరచుకొనేటట్లు ఇచ్చి పంపాలి.

"ఒక్కనికోసం ఇంత శ్రమా?" అనేవారున్నారు. బధిరులకు తగిన భాషలో, తగిన పద్ధతిలో విద్య అందవలెనని 2016 నాటి చట్టమే చెబుతున్నది. పైగా ఇంట కన్నడం మాట్లాడి బడిలో తెలుగు చదివే మన సరిహద్దు పిల్లలకూ ఆ అక్షరాలు అక్కరకు వస్తాయి.

పదవ తరగతిలో ఈ పిల్లలకు భాషా పరీక్షనుండి మినహాయింపునిచ్చి, అదే దయ అనుకొంటున్నాము. భాష నేర్పకుండ భాషనుండి తప్పించడాన్ని నేను చదువుకొన్న తెలుగులో వెలివేత అంటారు.