హేరియట్ కన్నా ముందు యువరాణులు

1997 నవంబర్ 2 రాత్రి అమెరికాలో ఏబీసీ చానల్ ఒక ‘సిండ్రెల్లా’ను ప్రసారం చేసింది. సిండ్రెల్లాగా నల్లజాతి గాయని బ్రాండీ. రాకుమారుడు ఫిలిప్పీన్స్ మూలాలున్న పావోలో మోంటల్బాన్. అతని తల్లి, రాణి, హూపీ గోల్డ్‌బర్గ్. తండ్రి, రాజు, తెల్లజాతి నటుడు విక్టర్ గార్బర్. ఈ దంపతులకు ఆ కొడుకెలా పుట్టాడని కథలో ఎవరూ అడగరు, ఎవరూ సంజాయిషీ ఇవ్వరు. ఆ రాత్రి సుమారు 6 కోట్ల మంది చూశారు. వరాలిచ్చే దేవతగా కనిపించిన విట్నీ హ్యూస్టన్ అందరికీ గుర్తే. ఆమెతో కలిసి దాన్ని నిర్మించిన డెబ్రా మార్టిన్ చేజ్ పేరు మాత్రం పరిశ్రమ దాటి పెద్దగా వినబడదు.

మన దగ్గర నిర్మాత అనగానే ఫైనాన్స్ తెచ్చి, వడ్డీలు కట్టి, విడుదల రోజు ఊపిరి బిగబట్టుకునే మనిషి కళ్ల ముందు మెదులుతాడు. హాలీవుడ్ పెద్ద సినిమాల్లో పెట్టుబడి ఎక్కువగా స్టూడియోదే. కథ హక్కులు సంపాదించడం, స్క్రిప్టు తిరగరాయించడం, తారలను ఒప్పించడం, చివరికి స్టూడియో పెద్దల చేత సరే అనిపించడం నిర్మాత పని. ఆ ఒక్క మాట రాకపోతే ఏళ్ల చాకిరీ బూడిదలో పోసిన పన్నీరే.

చేజ్ ఈ పనిలోకి కోర్టు భాష తెలిసి వచ్చారు. హార్వర్డ్‌లో లా చదివి, కంపెనీల న్యాయవాదిగా పనిచేసి, కొలంబియా పిక్చర్స్ న్యాయవిభాగం మీదుగా నిర్మాణం వైపు మళ్లారు. తర్వాత నటుడు డెంజెల్ వాషింగ్టన్ సంస్థ మండీ లేన్, ఆపై విట్నీ హ్యూస్టన్ బ్రౌన్‌హౌస్, చివరికి సొంత సంస్థ. మండీ లేన్‌లో ఇంటర్న్‌గా చేరిన ఓ అమ్మాయికి చేజ్ దారి చూపారు. ఆమే తర్వాత ‘గ్రేస్ అనాటమీ’ టీవీ సీరీస్ సృష్టించిన షోండా రైమ్స్.

చేజ్‌కు పలుకుబడి తెచ్చిన సినిమాల్లో ముందు చెప్పుకోవలసింది ‘ది ప్రిన్సెస్ డైరీస్’ (2001). తెల్లజాతి అమ్మాయి యువరాణిగా మారే కథ, ప్రపంచవ్యాప్త వసూళ్లు సుమారు 16.5 కోట్ల డాలర్లు. తర్వాత ‘ది చీటా గర్ల్స్’, ‘ది సిస్టర్‌హుడ్ ఆఫ్ ది ట్రావెలింగ్ ప్యాంట్స్’. ఆడపిల్లల సినిమాలంటే పరిశ్రమకు మొదట్నుంచీ చిన్నచూపు. మగ నిర్మాతలు పెద్దగా పోటీపడని ఆ జాగాలోనే ఆమె పాగా వేశారు. దీన్ని రాజీ అనేవాళ్లుంటారు. నాకైతే అది ఒప్పందాలు చదవడం వచ్చిన మనిషి ఎత్తుగడగానే కనిపిస్తుంది. కాకపోతే నల్లజాతి మహిళా నిర్మాత ముందుగా ఇతరుల యువరాణులతో తన సత్తా నిరూపించుకోవలసి రావడంలో అన్యాయం లేదనలేం.

ఆ అన్యాయం లోతెంతో ‘హేరియట్’ సినిమా తయారైన తీరు చెబుతుంది. బానిసత్వం నుంచి తప్పించుకుని, మళ్లీ మళ్లీ వెనక్కి వెళ్లి పదుల మందిని విడిపించిన హేరియట్ టబ్‌మన్ కథ అది. రచయిత గ్రెగరీ అలెన్ హోవర్డ్ ఆ స్క్రిప్టు పట్టుకుని స్టూడియోల చుట్టూ తిరగడం 1994లోనే మొదలైంది. అప్పుడొక స్టూడియో పెద్ద ఆ పాత్రకు జూలియా రాబర్ట్స్‌ను తీసుకుందామన్నాడట. ఆమె తెల్లజాతి మనిషి కదా అని గదిలో ఒకరు గుర్తుచేస్తే, ఎప్పటి సంగతో కదా, ఎవరికి తెలుస్తుందిలే అన్నాడట. హోవర్డే 2019లో చెప్పిన ముచ్చట ఇది. నవ్వొస్తుంది గానీ, సంతకం పెట్టే అధికారం ఆ మనిషిదే.

తర్వాత చేజ్ నిర్మాతగా తోడయ్యారు, కేసీ లెమన్స్ దర్శకత్వం వహించారు. టబ్‌మన్‌గా నటించిన సింథియా ఎరివోకు రెండు ఆస్కార్ నామినేషన్లు దక్కాయి. గాలి మళ్లింది నల్లజాతి కథలైన ‘12 ఇయర్స్ ఎ స్లేవ్’, ‘బ్లాక్ పాంథర్’ బాగా ఆడిన తర్వాతేనని హోవర్డ్ అన్నారు. అంటే స్టూడియోలకు జ్ఞానోదయం వసూళ్ల రూపంలో కలిగింది. ‘హేరియట్’కు అయిన ఖర్చు సుమారు 1.7 కోట్ల డాలర్లు, వచ్చింది 4.3 కోట్ల పైచిలుకు. ఈపాటి లెక్క వేసుకోవడానికి హాలీవుడ్‌కు పాతికేళ్లు పట్టింది.