దెయ్యం చేప మీద ప్రాజెక్టు చేస్తారా?

ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు అనగానే ఫేస్ అటెండెన్స్, లైబ్రరీ మేనేజ్‌మెంట్! కొనుక్కొచ్చిన కోడ్, పేరు మార్చిన రిపోర్టు. ఇంటర్వ్యూలో ‘ఈ డేటా ఎక్కడిది?’ అంటే నోరు పెగలదు. అందుకే మీకో చేప గురించి చెప్తా.

అక్వేరియం గాజుకు నోరు అతికించుకుని పాచి తినే మచ్చల చేపను చూసే ఉంటారు. పేరు సక్కర్‌మౌత్ క్యాట్‌ఫిష్, పుట్టిల్లు దక్షిణ అమెరికా నదులు. కొన్నప్పుడు వేలెడంతే. పెరిగి అడుగు దాటేసరికి తొట్టి చాలదు, తీసుకెళ్లి చెరువులో వదిలేస్తారు. అసలు తంటా అక్కడే. పొలుసులకు బదులు ఒంటినిండా ఎముక పలకలు, రెక్కలకు గట్టి ముళ్లు. చిక్కుకుంటే వల చిరిగినట్టే. నీళ్లలో ఆక్సిజన్ తగ్గితే పైకొచ్చి గాలి మింగి బతికేస్తుంది. గట్లకు బొరియలు తవ్వి గుడ్లు పెడుతుంది. మనవాళ్లు ‘దెయ్యం చేప’ అంటున్నారు. మెక్సికోలో పెట్టిన పేరుకూ అర్థం అదే!

హైదరాబాద్ సీసీఎంబీకి చెందిన లాకోన్స్ శాస్త్రవేత్తలు ఇది తూర్పు కనుమల్లోని 60 శాతం నీటి వనరులకు పాకిందని 2024లో తేల్చారు. వల వేసి కాదు. నీళ్లు వడకట్టి, అందులో చేప వదిలిన డీఎన్‌ఏను పీసీఆర్‌తో పట్టుకున్నారు. బయోటెక్ వాళ్లూ, ఈ పద్ధతి నేర్చుకోండి. రెజ్యూమెలో రాసుకోదగ్గ పని.

మరి కంప్యూటర్స్ వాళ్లు? మీది ఎర్రగుంట్ల అయినా, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు అయినా పెన్నా దగ్గరే. మైలవరం, గండికోట రిజర్వాయర్లున్నాయి. వేట చేసేవాళ్లను కలవండి. ‘అన్నా, ఈ చేప ఎప్పుడైనా పడిందా? ఎక్కడ? ఎన్ని వలలు పోయినాయి?’ అని అడగండి. తేదీ, లొకేషన్, ఫొటో ఫోన్‌లో ఎక్కించుకోండి. ‘పడలేదు’ అన్నా రాసుకోండి, అదీ డేటానే. దాంతో మ్యాప్ గీయొచ్చు. ఫొటోలు పోగైతే దెయ్యం చేపకూ మన జెల్లకూ తేడా చెప్పే మోడల్ కట్టొచ్చు. యాప్ చేస్తే మాత్రం ఇంగ్లిష్ ఫారం పెట్టకండి. తెలుగులో మాట్లాడితే రికార్డయ్యేలా చేయండి. తయారయ్యాక మత్స్యశాఖ ఆఫీసులో చూపించండి.

దీంతో ప్యాకేజీ వస్తుందా? గ్యారంటీ ఇవ్వలేను. కానీ డేటా ఎక్కడిదని అడిగితే చెప్పడానికి మీ దగ్గర ఊరు పేరుంటుంది, మనిషి ఉంటాడు. కొన్న కోడ్‌లో ఆ రెండూ ఉండవు.

వెళ్లేటప్పుడు చేప ఫొటో ప్రింట్ తీసుకెళ్లండి. సక్కర్‌మౌత్ అంటే ఎవరికీ అర్థం కాకపోవచ్చు గానీ, బొమ్మ చూస్తే చప్పున గుర్తుపడతారు.